ఒక చేయి, పెక్కు పాత్రలు: బహుపాత్ర నియంత్రణ సాఫ్ట్‌వేరుపై విమర్శ

గౌరీబిదనూరునకును హిందూపురమునకును నడుమ, ఉత్తర పినాకినీ తీరమున విదురాశ్వత్థమను పుణ్యక్షేత్రము కలదు. 1938 ఏప్రిల్ 25వ తేదీన జెండా సత్యాగ్రహమునకై కూడిన జనులపై పోలీసులు కాల్పులు జరిపిన స్థలముగా ఇది చరిత్రకెక్కినది. కాని ఆ పేరు అంతకు ఎంతయో పూర్వమునుండి ఉన్నది. ఇచ్చటి రావిచెట్టును నాటినవాడు విదురుడని స్థలపురాణము. 2001లో ఆ మహావృక్షము నేలకొరిగినది. అచ్చట భక్తులు ప్రతిష్ఠించిన వేలకొలది నాగశిలలు నేటికిని నిలిచియున్నవి. చింతామణి తాలూకాలోని కైవారమును జనులు ఏకచక్రపురమని చెప్పుకొందురు. భీముడు బకాసురుని చంపినది అచ్చటనే యని వారి నమ్మకము. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు పెక్కు. వారికి భారతకథ గ్రంథములో చదివినది మాత్రమే కాదు, తమ ఊళ్ళను అంటియున్న కథ.

ఆ కథలో విదురుడు జూదమును వలదన్నవాడు. ధృతరాష్ట్రునకు చెప్పి చూచెను. దూతగా ఇంద్రప్రస్థమునకు పోయి ధర్మరాజునకును దాని కీడును తెలిపెను. సభలోను మరల చెప్పెను. ఆ సందర్భమున వ్యాసభారత సభాపర్వములో ఒక చిన్న సంభాషణ కలదు. ధనరత్నములు తనవని, తన పక్షమున ఆడువాడు మేనమామ శకుని యని దుర్యోధనుడు ప్రకటించును. ఒకనికై వేరొకడు ఆడుట సమముగా తోచుట లేదని ధర్మరాజు అభ్యంతరము పలుకును. అయినను అంతట సరేయని ఆటకు కూర్చుండును. పాచికలలోని మోసమును గూర్చి లోకము ఎంతయో మాటాడినది. ఈ మొదటి అభ్యంతరమును గూర్చి మాటాడినది తక్కువ. క్రీడలో ఆడువాడు ఎవడు? ఒక స్థానమునకు ఒక మనిషి యను నియమము తప్పినచో ఆట ఆటగా మిగులునా? ధర్మరాజు అడిగి విడిచిన ఈ ప్రశ్నయే నేటి కంప్యూటరు క్రీడలలో మరియొక రూపమున తలయెత్తినది. అచ్చట ఒక పీఠముపై ఇద్దరు. ఇచ్చట ఐదు పీఠములపై ఒక్కడు.

ఇంటర్నెట్టు ద్వారా వేలమంది ఏకకాలమున ఒకే కల్పితలోకములో సంచరించు క్రీడలు గత శతాబ్దము చివర ప్రబలినవి. అల్టిమా ఆన్‌లైన్ 1997లోను, ఎవర్‌క్వెస్ట్ 1999లోను, ఈవ్ ఆన్‌లైన్ 2003లోను, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లోను వెలువడినవి. వీనిలో ఆటగాడు ఒక పాత్రను ధరించును. ఒక పాత్ర దెబ్బలను కాచుకొనును, ఒకటి గాయములను మాన్పును, తక్కినవి శత్రువును కొట్టును. వార్‌క్రాఫ్ట్ లోని గుహలలో ప్రవేశించుటకు సాధారణముగా ఐదుగురు కూడవలెను. ఏ ఒక్క పాత్రయు తనంతట తాను పూర్ణము కాకుండునట్లు నిర్మాతలు బుద్ధిపూర్వకముగా ఏర్పాటు చేసిరి. మనిషికి మనిషి అవసరము కలుగుటయే ఈ క్రీడల మూలసూత్రము.

ఈ సూత్రమును దాటుటకు పుట్టిన పద్ధతికి మల్టీబాక్సింగ్ అని పేరు. ఒకే వ్యక్తి ఐదు ఖాతాలను తెరచి, ఐదింటికి చందా చెల్లించి, ఐదు పాత్రలను తానొక్కడే నడపును. వార్‌క్రాఫ్ట్ మాసపు చందా అమెరికాలో 14.99 డాలర్లు, ఐదు ఖాతాలకు నెలకు 74.95 డాలర్లగును. తొలినాళ్ళలో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క కంప్యూటరును, ఒక్కొక్క కీబోర్డును వరుసగా పేర్చుకొని, చేతులు ఒకదానినుండి మరియొకదానికి త్రిప్పుచు ఆడెడివారు. ఆ శ్రమను తొలగించుటకై హాట్‌కీనెట్, కీక్లోన్, ఐఎస్‌బాక్సర్ వంటి సాఫ్ట్‌వేరులు వచ్చినవి.

వాని పని తెలిసికొనుట కష్టము కాదు. హాట్‌కీనెట్ వంటి దానిని ప్రతి కంప్యూటరులోను నడపవలెను. వానిలో ఒకటి నాయక స్థానమున నుండును. దాని కీబోర్డుపై ఒక మీటను నొక్కినపుడు, ఆ వార్త నెట్‌వర్కు తీగలగుండ తక్కిన కంప్యూటరులకు పోవును; అచ్చటి సాఫ్ట్‌వేరు ఆ మీటను అచ్చటనే నొక్కినట్లుగా క్రీడకు అందించును. ఇందు మూడు విధములు కలవు. ఒకే మీటను అన్ని పాత్రలకు యథాతథముగా పంపుట మొదటిది. ఒక మీట నొక్కగా ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వేరు ఆజ్ఞ పోవునట్లు ముందుగా వ్రాసి పెట్టుకొనుట రెండవది. నొక్కిన ప్రతిసారియు వంతువారీగా తరువాతి పాత్రకు ఆజ్ఞ పోవునట్లు చేయుట మూడవది. వీనికి తోడు, నాయకుని అనుసరింపుమనియు, నాయకుడు గురిచూచినవానినే గురిచూడుమనియు చెప్పు ఆజ్ఞలు వార్‌క్రాఫ్ట్ లోనే కలవు. ఈ రెండును కలిసినంతట ఒక్క మీటతో ఐదు పాత్రలు కదలును. ఐదు పిడుగులు ఒకే క్షణమున ఒకే శత్రువుపై పడును.

ఈ విద్యను తూచుటకు తెలుగువారు కొలబద్దను ఇతర దేశములనుండి తెచ్చుకొననక్కర లేదు. ఒక్కడు పెక్కింటిని ఏకకాలమున నడపుట తెలుగుజాతి చిరకాలముగా గౌరవించిన కళ. విదురాశ్వత్థమునకు ఉత్తరముగా, ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి చెందినది. ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించినది. తెరవెనుక నిలిచిన ఆటగాడు రెండు చేతులతో బొమ్మల నాడించును, పాడును, కాలితో చెక్కపలకను తొక్కి యుద్ధధ్వనిని పుట్టించును. రామునకొక గొంతు, రావణునకొక గొంతు, జుట్టుపోలిగానికి మరియొక గొంతు. ఒకడు కోపించుచుండగా ఇంకొకడు వెక్కిరించును. చేయి ఒక్కటియే యైనను బొమ్మలు ఒక్కటి కావు. కర్ణాటక తోలుబొమ్మలలో ఒకే చర్మఖండముపై పెక్కు రూపములను చెక్కినవియు కలవు. అట్టి బొమ్మ సన్నివేశమును చూపుటకు చక్కగా ఉపకరించును. కాని అందులోని రూపములు ఒండొంటితో వాదింపజాలవు, ఒకటి కదిలిన అన్నియు కదలును.

అవధానకళ ఈ భేదమును ఇంకను స్పష్టముగా చూపును. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది దిక్కులనుండి అవధానిని ఎదుర్కొందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు అక్షరములను నిషేధింతురు. ఒకరు నాలుగు పదములిచ్చి పద్యమందురు. వేరొకరు అప్రస్తుత ప్రసంగముతో ఏకాగ్రతను చెదరగొట్ట జూతురు. నడుమ గంటలు మ్రోగుచుండును. అన్నిటికిని వేర్వేరుగా సమాధానములు చెప్పి, తుదిని పూరణములన్నిటిని అవధాని ధారణ చేయవలెను. తిరుపతి వేంకటకవుల కాలమునుండి ఊరూర మన్నన పొందిన ఈ విద్యలో గొప్పతనము ఎనిమిది యను సంఖ్యలో లేదు. ఎనిమిదింటిని విడివిడిగా మనసున నిలుపుటలో కలదు. అవధాని ఒక్క పద్యమునే చెప్పి, ఎనమండుగురును దానినే స్వీకరింపుడనినచో దానిని ఎవరును అవధాన మనరు.

ఈ కొలబద్దతో చూచినచో మల్టీబాక్సింగ్ అను ఒక్క పేరుక్రింద రెండు విద్యలు దాగియున్నవని తేలును. సాఫ్ట్‌వేరు లేకయో, లేక కిటికీలను చక్కగా పేర్చి ఒకదానినుండి మరియొకదానికి త్వరగా మారుట కొరకు మాత్రమే దానిని వాడుకొనుచునో, ఐదు పాత్రలను వేర్వేరుగా నడపువాడు అవధాని కోవలోనివాడు. వాని చూపు ఐదు చోట్ల నుండవలెను. ఒకని గాయమును చూచునపుడు వేరొకనికి ప్రమాదము రావచ్చును. పొరపాటు వానిదే, నేర్పును వానిదే. ఒక మీటను పదింటికి పంపువాడు చేయునది దీనికి భిన్నము. అది అవధానము కాదు, ప్రతిధ్వని. పాత్రల సంఖ్య పెరిగినకొలది అవధానికి భారము పెరుగును. ప్రతిధ్వనికి పెరిగినట్లే యుండదు. ఐదు పాత్రలైనను ముప్పది పాత్రలైనను మీట నొక్కుటకు ఒక్క వ్రేలే చాలును.

ప్రతిపక్షవాదమును వినకుండ తీర్పు చెప్పుట విమర్శకు ధర్మము కాదు. ఈ సాఫ్ట్‌వేరును సమర్థించువారి మాటలలో బలము కలదు. తాము ప్రతి ఖాతాకును చందా చెల్లించుచున్నామని వారందురు, అది నిజము. మనిషి లేకయే ఆడు బాట్ వేరు, తమది వేరని అందురు; అదియు నిజమే. బాట్ ఆటగాడు నిద్రించుచుండగా ఆడును. ఇచ్చట మనిషి మీట నొక్కనిదే ఏ పాత్రయు కదలదు. ఏ మీట ఎవరికి పోవలెనో, ఏది పోరాదో ముందుగా వ్రాసికొనుటలో గంటలకొలది యోచన కలదు. ఆ యోచనలో ఒక శిల్పియొక్క ఆనందము కూడ కలదు. చేతి వ్రేళ్ళు చక్కగా ఆడనివారికి కొలది మీటలతో క్రీడను సాధ్యము చేయు గుణము ఇట్టి సాధనములకు ఉన్నది. పైగా సంస్థలే పలు ఖాతాలను ప్రోత్సహించినవి. రెండవ ఖాతాకు రాయితీలు ఈవ్ సంస్థ ప్రకటించినది. 2008లో వార్‌క్రాఫ్ట్ సంస్థ ప్రవేశపెట్టిన పథకము ప్రకారము, మిత్రుని చేర్చినవారు ఇరువురును కలిసి ఆడినపుడు మూడింతల వేగముతో ఎదుగవచ్చును. ఆ మిత్రుని స్థానమున తమ రెండవ ఖాతానే చేర్చుకొన్నవారు పెక్కుమంది.

అయినను ఆ వాదము ఒక చోట తెగిపోవుచున్నది. చందా సంస్థకు చెల్లును, పక్కవానికి చెల్లదు. ఈ క్రీడలలో ఒక ఆటగానికి దొరకునది ఇంకొకనికి దొరకక పోవుటయు, ఒకడు ఎక్కువ తెచ్చిన సరకు వలన ఇంకొకని సరకు వెల పడిపోవుటయు కలవు. వార్‌క్రాఫ్ట్ లో 2016లో వెలువడిన లీజియన్ మొదలు ఒకే మూలికను పలువురు ఆటగాండ్రు విడివిడిగా కోసికొను సౌకర్యము కల్పింపబడినది. ముందువచ్చినవాడు దానిని దక్కించుకొనెనని వెనుకవచ్చినవాడు కోపింపరాదని దాని ఉద్దేశము. పది పాత్రలతో తిరుగువానికి అదియే పదింతల పంటయైనది. పలువురి సఖ్యమునకై చేసిన ఏర్పాటు, పది దేహములు గల ఒక్కనికి లాభముగా మారినది. ఆ మూలికలను సంతలో అమ్మునపుడు ఒంటరిగా తిరిగి కోసినవానికి గిట్టుబాటు తగ్గును. యుద్ధరంగమున వీని వలన కలుగు బాధ ఇంకను స్ఫుటము. ఐదుగురు మనుష్యులు ఒకే క్షణమున దెబ్బ కొట్టుటకు ఎంతయో సాధన కావలెను; వారిలో ఒకడు తొందరపడును, ఒకడు వెనుదీయును. ఎదుటివాడు ఆ లోపమును కనిపెట్టి తప్పించుకొనును. ప్రతిధ్వనిలో ఆ లోపము లేదు. కావున ఎదుటివాని నేర్పునకు చోటును లేదు.

సంస్థలు ఆలస్యముగానైనను ఈ భేదమును గుర్తించినవి. ఐస్‌లాండు దేశపు సీసీపీ సంస్థ 2015 జనవరి 1 నుండి ఈవ్ ఆన్‌లైన్ లో ఒక ఆజ్ఞను పలు పాత్రలకు ఒక్కసారిగా పంపుటను నిషేధించినది. పలు ఖాతాలు కలిగియుండుటను నిషేధింపలేదు. 2020 నవంబరులో బ్లిజార్డ్ సంస్థయు వార్‌క్రాఫ్ట్ విషయమున ఇట్లే నిర్ణయించినది. పెక్కు పాత్రలను నడపుట తప్పు కాదు. ఒక మీటను సాఫ్ట్‌వేరు చేత పెక్కింటికి ప్రసారము చేయించుట తప్పు. తెలుగువారి మాటలలో చెప్పవలెనన్న, అవధానికి ప్రవేశము ఉంచి ప్రతిధ్వనికి తలుపు మూసినవి.

తీర్పు సమంజసమే, కాని సంపూర్ణము కాదు. ఐదుగురు చేయవలసిన పనిని ఒక్కడు చేసికొనినపుడు నలుగురు మనుష్యుల అవసరము తీరిపోవును. సాఫ్ట్‌వేరు ఉన్నను లేకున్నను ఈ లోటు సమానమే. ఎవరిని పిలువవలెనో వెదకుట, ఆలస్యముగా వచ్చినవానికై వేచియుండుట, పొరపాటు చేసినవానిని మన్నించుట, తన పొరపాటునకు మన్నన కోరుట, తుదకు ముఖమెరుగని యొకడు మిత్రుడగుట—ఇవి ఈ క్రీడలలోని అసలు సంపద. వేచియుండుట విసుగైనమాట నిజమే. ఆ విసుగును తప్పించుకొనుటకే పెక్కుమంది రెండవ ఖాతాను తెరచిరనుటలో సందేహము లేదు. అయితే విసుగుతోపాటు స్నేహమునకు గల అవకాశము కూడ పోయినదని గ్రహించినవారు కొందరే.

తోలుబొమ్మలాటకును దీనికిని మిగిలిన భేదము ఇచ్చటనే కలదు. బొమ్మలాటలో తెర కలదు. అన్ని బొమ్మలను ఆడించువాడు తెరవెనుక నున్నాడని తెరముందరి జనులెల్లరు ఎరుగుదురు. వారు చూపరులే కాని ఆటలో భాగస్వాములు కారు. అవధానమును సభాముఖమున జరుగును. ఒక్కడే చెప్పుచున్నాడను ఎరుకయే ఆశ్చర్యమునకు కారణము. ఆన్‌లైన్ క్రీడలో ఆ తెర లేదు. ఐదు పాత్రలు నడచి వచ్చుచుండగా ఎదుటివాడు ఐదుగురు మనుష్యులని భ్రమింపవచ్చును. పలుకరించును, నాలుగు పాత్రలనుండి ప్రత్యుత్తరము రాదు. ధర్మరాజునకు శకుని ఎదుటనే కూర్చుండెను. ఎవరితో ఆడుచున్నాడో తెలిసియే ఆడెను. ఇచ్చట ఆ పాటి ఎరుకయు ఎదుటివానికి దక్కకపోవచ్చును.

కావున ఈ సాఫ్ట్‌వేరును యంత్రవిద్యగా మెచ్చుకొనుటకు అడ్డులేదు. ఒంటరిగా ఆడుకొను క్రీడలలో దానిని వాడుకొనుట వలన ఎవరికిని కీడు లేదు. పలువురు కూడిన చోట మాత్రము దానిని తూచవలసిన ప్రశ్నలు మూడు. చేయి ఒక్కటియైనను మనసు అన్ని పాత్రలయందు విడివిడిగా నిలిచినదా? ఎదుటివానికి తాను ఎవరితో ఆడుచున్నాడో తెలియునా? ఆ పీఠములలో వేరొకనికి చోటు మిగిలినదా? మొదటి ప్రశ్నకు సంస్థల నియమములు సమాధానము చెప్పినవి. రెండవదానిని నియమములతోనే సాధింపవచ్చును. మూడవది ఆటగాని విచక్షణకు విడిచిన ప్రశ్న. విదురుడు చెప్పినపుడు సభలో వినువారు లేకపోయిరి. ఆయన పేరున వెలసిన అశ్వత్థము చెంత పెరుగుచు, సాయంకాలము కంప్యూటరు ముందు కూర్చుండు తెలుగు యువకుడు ఐదవ ఖాతాను తెరచుటకు ముందు, పొరుగింటి బాలుని ఒక్కమారు పిలిచి చూచుట మేలు.