ఒక్క చోటుకి ఎంతమంది? హైదరాబాద్ ఆఫ్‌స్పిన్ లెక్క

1987 మార్చిలో బెంగళూరు టెస్టు ముగిసినప్పుడు దేశమంతా సునీల్ గావస్కర్ గురించే మాట్లాడుకుంది. తిరుగుతున్న పిచ్ మీద 96 పరుగులు చేసి, పాకిస్థాన్ చేతిలో 16 పరుగుల తేడాతో ఓటమి చూసి, ఆయన టెస్టు క్రికెట్‌కు సెలవు పుచ్చుకున్నాడు. అదే మ్యాచ్‌తో ఇంకొకరి టెస్టు ప్రయాణం కూడా ముగిసింది. హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ శివలాల్ యాదవ్ 35 టెస్టులాడి, 102 వికెట్లు తీసి, సద్దుచేయకుండా పక్కకు తప్పుకున్నాడు. భారత్ మళ్లీ టెస్టు ఆడింది నవంబర్‌లో, ఢిల్లీలో, వెస్టిండీస్ మీద. ఆ మ్యాచ్‌లో ఆఫ్‌స్పిన్ వేయడానికి కొత్తగా టోపీ అందుకున్నవాడు అర్షద్ అయూబ్. అతనిదీ హైదరాబాదే.

భారత జట్టులో ఒక చోటు ఖాళీ అయితే, వెంటనే జరిగిన టెస్టుకే అదే ఊరి నుంచి, అదే పని తెలిసినవాడు వచ్చి నిలబడ్డాడన్నమాట. ఇది కాకతాళీయమా, ఒక ఊరి పనితనమా?

ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతకడం అమెరికా బేస్‌బాల్‌లో పెద్ద వ్యాపకం. సీజన్ మొదలవకముందే అక్కడి పత్రికలు ఒక్కో క్లబ్బును పట్టుకుని, ఒక్కో స్థానం మీద కూర్చుంటాయి. షార్ట్‌స్టాప్‌గా ఇప్పుడు ఆడుతున్నది ఎవరు, అతని మోకాలికి దెబ్బ తగిలితే ఎవరు, కింది జట్లలో ఎదుగుతున్నది ఎవరు అని ఆరా తీస్తాయి. పెద్ద క్లబ్బు ప్రతిదానికీ కింద నాలుగు అంచెల జట్లుంటాయి కాబట్టి లెక్క వేయడం తేలిక. అమీర్‌పేట, పంజాగుట్ట కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన కుర్రాళ్లకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు దొరికేదాకా కంపెనీలో బెంచ్ మీద కూర్చునేవాళ్లు ఎందరు, వాళ్లలో నిజంగా పని వచ్చినవాళ్లు ఎందరు అన్నది వాళ్లకి రోజూ తగిలే లెక్కే. హైదరాబాద్ క్రికెట్‌లో ఆ లెక్క వేయదగ్గ స్థానం ఒకటుంటే, అది ఆఫ్‌స్పిన్నర్‌ది.

అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర ఆ చరిత్ర రెండు దారులుగా చీలుతుంది. ఎర్ర లైన్ ఎక్కితే పంజాగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటాక పాత ఫతేమైదాన్, అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం దగ్గరపడుతుంది. నీలి లైన్ ఎక్కితే పరేడ్ గ్రౌండ్ పక్కన జింఖానా మైదానం, ఆ తర్వాత ఉప్పల్ స్టేడియం. ఈ కథలో సగం పైగా ఎర్ర లైన్ వైపే జరిగింది.

మొదటి పేరు గులాం అహ్మద్. 1922లో హైదరాబాద్‌లో పుట్టాడు. పొడగరి, చెయ్యి బాగా పైకెత్తి బంతి వదిలేవాడు. 22 టెస్టుల్లో 68 వికెట్లు అంటే ఇప్పటి కళ్లకు పెద్దగా ఆనకపోవచ్చు కానీ, ఆ వికెట్లు ఎప్పుడు పడ్డాయో చూడాలి. 1952లో మద్రాసులో భారత్ తన మొట్టమొదటి టెస్టు విజయం సాధించినప్పుడు, రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్‌ను వినూ మన్కడ్‌తో కలిసి కూల్చింది ఆయనే. చెరి నాలుగు వికెట్లు. 1956లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద ఒక ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు, మ్యాచ్ మొత్తం మీద 10. అంతకు ఏడాది ముందు ఫతేమైదాన్‌లో జరిగిన మొదటి టెస్టులో, న్యూజిలాండ్‌కు ఎదురుగా, సొంత ఊళ్లో భారత జట్టుకు సారథి కూడా ఆయనే.

అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది రంజీ లెక్క. 1950-51లో హోల్కర్ జట్టు మీద ఒకే ఇన్నింగ్స్‌లో ఆయన 92.3 ఓవర్లు వేశాడు. 555 బంతులు! ఇవాళ ఒక బౌలర్ నాలుగు ఓవర్లు వేసి ఐస్ ప్యాక్ పెట్టుకుంటాడు.

ఇంతకీ ఈ పనిలో ఉన్న కిటుకేమిటి? చూపుడువేలు, మధ్యవేలు బంతి కుట్టు మీద అడ్డంగా, వీలైనంత ఎడంగా పెట్టాలి. బంతిని తిప్పేది ప్రధానంగా చూపుడువేలే. సాధన చేసేవాళ్లకి ఆ వేలి పక్క చర్మం కాయకాస్తుంది, చిట్లుతుంది, మళ్లీ కాయకాస్తుంది. శరీరం పక్కకు తిరిగి, ఎడమ భుజం మీదుగా బ్యాటర్‌ను చూస్తూ, ముందుకాలి మీద ఇరుసులా తిరగాలి. అలా వదిలిన బంతి గాల్లో కుడిచేతి బ్యాటర్ నుంచి కొంచెం బయటికి, స్లిప్ వైపు జరుగుతుంది. పిచ్ మీద పడ్డాక లోపలికి తిరుగుతుంది. బయటికి పోతోందని బ్యాటు చాచినవాడికి, బ్యాటుకీ ప్యాడుకీ మధ్య ఒక సందు మిగులుతుంది. ఆఫ్‌స్పిన్నర్ బతుకంతా ఆ సందులోనే.

తిప్పడం ఒక్కటే పని అయితే ఊరికి వందమంది ఉండేవాళ్లు. కష్టమంతా బంతిని ఎక్కడ వాల్చాలన్న దానిలో ఉంది. బ్యాటర్ కంటి మట్టం కంటే పైకి వెళ్లిన బంతి, అతను అనుకున్న చోటికంటే అడుగు ముందే దిగాలి. షార్ట్‌లెగ్‌లో మనిషిని పెట్టి, బ్యాటర్ ముందుకాలు ఎంత దూరం వస్తోందో రెండు ఓవర్ల పాటు చూసి, మూడో ఓవర్లో దాన్ని అందనివ్వకూడదు. పిచ్ మరీ తిరుగుతుంటే బంతి లెగ్‌స్టంప్ దాటిపోతుంది కాబట్టి వికెట్లకు అవతలి పక్కనుంచి వచ్చి వేయాలి. అప్పుడే ఎల్బీ దొరుకుతుంది. ఇవన్నీ చేశాక, తిరుగుతుందనుకున్న బంతిని ఒక్కసారి నేరుగా పంపాలి. ఇవి పుస్తకంలో చదివితే రావు. లీగ్ మ్యాచ్‌లో ముప్ఫయ్యో ఓవర్ వేస్తున్నప్పుడు వస్తాయి. హైదరాబాద్ కుర్రాళ్లు మ్యాటింగ్ మీద ఆడి పెరిగిన రోజుల్లో, చాప ఇచ్చే బౌన్స్‌కు ఆశపడి పొట్టిగా వేసినవాణ్ని బ్యాటర్లు వెంటనే దండించేవారు. పాఠం అక్కడే అయ్యేది.

గులాం అహ్మద్ తర్వాత ఇరవయ్యేళ్లపాటు టెస్టు జట్టులో హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ లేడు. అది ఊరి లోటు కాదు. దేశానికి ఎరపల్లి ప్రసన్న, వెంకటరాఘవన్ ఇద్దరూ ఒకే కాలంలో దొరికారు, మూడోవాడికి చోటెక్కడ? ఆ ఇరవయ్యేళ్లలో హైదరాబాద్ తరఫున నోషీర్ మెహతా ఆఫ్‌స్పిన్ వేశాడు. మద్రాసులో వెంకటరాఘవన్ ఉండగా దారి దొరకని వి.రామ్‌నారాయణ్ స్టేట్ బ్యాంక్ ఉద్యోగంతో హైదరాబాద్ వచ్చాడు. ఇక్కడా వరుసే! చివరికి 1975లో, ఇరవై ఏడు దాటాక, రంజీలో అడుగుపెట్టి 25 ఫస్ట్‌క్లాస్ మ్యాచుల్లో 96 వికెట్లు తీశాడు. అంతలో శివలాల్ వచ్చేశాడు. రామ్‌నారాయణ్ తర్వాత రచయిత అయ్యాడు, ‘శ్రుతి’ సంగీత పత్రికకు సంపాదకత్వం వహించాడు. మ్యాచుకి దాదాపు నాలుగు వికెట్లు తీసినవాడు కూడా చోటు వదులుకోవాల్సి రావడమే అప్పటి హైదరాబాద్ బలానికి సాక్ష్యం.

శివలాల్ 1979లో ఆస్ట్రేలియా మీద మొదలుపెట్టి, ఆ ఒక్క సిరీస్‌లోనే 24 వికెట్లు తీశాడు. 1986 జనవరిలో సిడ్నీ టెస్టులో ఎనిమిది. బంతిని గాల్లోకి వదిలి, బాదించుకోవడానికి వెనకాడని రకం. అర్షద్ వేరు. వేగం ఒక పాలు ఎక్కువ, ఎత్తు తక్కువ, గురి గట్టిది. అందుకే వన్డేలకూ పనికొచ్చాడు. 1988 ఆసియా కప్‌లో పాకిస్థాన్ మీద 21 పరుగులకు 5 వికెట్లు తీశాడు. 13 టెస్టుల్లో 41 వికెట్లు.

ఇక మూడోవాడు కన్వల్‌జిత్ సింగ్. అతన్ని పక్కన పెడితే ఈ లెక్కే తప్పుతుంది. శివలాల్ పుట్టింది 1957 జనవరిలో, కన్వల్‌జిత్ 1958 ఏప్రిల్‌లో, అర్షద్ అదే ఏడాది ఆగస్టులో. పంతొమ్మిది నెలల తేడాలో పుట్టిన ముగ్గురు ఆఫ్‌స్పిన్నర్లు ఒకే రాష్ట్ర జట్టుకు ఆడారు. ఇద్దరు భారత్‌కు ఆడారు, మూడోవాడు ఆడలేదు. కన్వల్‌జిత్ ఫస్ట్‌క్లాస్ వికెట్లు 369. 1999-2000 సీజన్‌లో, నలభై ఒకటో ఏట, రంజీలో 62 వికెట్లు తీశాడు. లక్ష్మణ్ 1415 పరుగులతో ఊరేగిన సీజన్ అదే. హైదరాబాద్ ఫైనల్ దాకా వెళ్లి ముంబయి చేతిలో ఓడింది. పరుగులు అందరికీ గుర్తున్నాయి, వికెట్లు కొందరికే. ఒక సంస్థ లోతు కొలవాలంటే జట్టులో ఉన్నవాణ్ని చూసి లాభం లేదు, చోటు దొరకనివాడి లెక్కలు చూడాలి. ఆ కొలతలో 1980ల హైదరాబాద్‌కు సాటి రాగల రాష్ట్రం ఈ ఒక్క విద్యలో కనపడదు.

దానికి ఇంకో ఆనవాలు 1997లో దొరికింది. వెస్టిండీస్ పర్యటనలో గాయపడ్డ జవగళ్ శ్రీనాథ్ బదులు పిలుపు అందుకున్నది హైదరాబాద్ ఆఫ్‌స్పిన్ ఆల్‌రౌండర్ నోయెల్ డేవిడ్. నాలుగు వన్డేలు ఆడాడు, అంతే. మహిళల క్రికెట్‌లోనూ ఈ పాయ ఉంది. సికింద్రాబాద్‌లో పుట్టిన పూర్ణిమా రావు ఆఫ్‌స్పిన్ వేస్తూ భారత జట్టుకు నాయకత్వం వహించింది, తర్వాత కోచ్ అయింది.

మరి ఇప్పుడు? హైదరాబాద్‌కు స్పిన్నర్ల కరువేమీ లేదు. వెంకటపతి రాజు, ప్రజ్ఞాన్ ఓఝా వేసిన బాటలో మెహదీ హసన్, తనయ్ త్యాగరాజన్, అనికేత్ రెడ్డి వచ్చారు. అందరూ ఎడమచేతివాళ్లే. ఆఫ్‌స్పిన్ మాత్రం బ్యాటర్ల పక్కవాటు పనిగా మారిపోయింది. తిలక్ వర్మ వేస్తాడు. హైదరాబాద్‌లో మొదలై ఆంధ్రాకు వెళ్లిన హనుమ విహారి 2018లో ఓవల్‌లో తన తొలి టెస్టులోనే ఒక ఇన్నింగ్స్‌లో మూడు వికెట్లు తీశాడు. అంబటి రాయుడు బౌలింగ్ యాక్షన్ మీద ఫిర్యాదు రావడంతో 2019లో ఐసీసీ అతని చేత బంతి దించింది. వీళ్లెవరికీ రోజుకి ముప్ఫై ఓవర్లు వేసే అవసరం లేదు.

కారణాలు వెతికితే చాలా దొరుకుతాయి. ఇరవై ఓవర్ల ఆట బంతిని గాల్లోకి వదిలేవాడికి ఓపిక చూపించదు. కుడిచేతి బ్యాటర్‌కు లోపలికి వచ్చే బంతి కంటే బయటికి పోయే బంతే క్షేమమని కెప్టెన్లు లెక్కవేస్తారు. ఉద్యోగాల సంగతి ఇంకొకటి. లీగ్‌లో జట్లు దింపిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో స్టేట్ బ్యాంక్‌లో, ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయాయి. ఇరవై ఏడేళ్లదాకా వరుసలో నిలబడిన రామ్‌నారాయణ్‌కు కనీసం నెల జీతం ఉండేది. ఇప్పటి కుర్రాడు ఇరవై రెండుకల్లా ఐపీఎల్ వేలంలో పేరు రాకపోతే, ఇంట్లోవాళ్లు అమీర్‌పేటలో ఏ కోర్సో చూసుకోమంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

కాబట్టి బేస్‌బాల్ పత్రికల తరహాలో ఒక పట్టిక వేస్తే, ఎడమచేతి స్పిన్ గడిలో హైదరాబాద్‌కు మంచి మార్కులే పడతాయి. ఆఫ్‌స్పిన్ గడి మాత్రం బలహీనం. అర్షద్ అయూబ్ తర్వాత అచ్చంగా ఆఫ్‌స్పిన్నర్ అనదగ్గ హైదరాబాదీ ఎవరూ భారత్ తరఫున టెస్టు ఆడలేదు.