'లిటిల్ సింగం'లో మిర్చీ నగర్: పేరు, నేరం, హాస్యం

తమిళ దర్శకుడు హరి 2010లో తీసిన 'సింగం' తెలుగులో 'యముడు'గా అనువాదమైంది. 2011లో రోహిత్ శెట్టి దానిని హిందీలో పునర్నిర్మించాడు. ఆ పోలీసు పాత్రను బాలుడిగా మలచిన యానిమేషన్ హాస్య ధారావాహిక 'లిటిల్ సింగం' 2018లో డిస్కవరీ కిడ్స్‌లో మొదలై, తెలుగు అనువాదంలోనూ పిల్లలకు చేరింది. కథాస్థలం మిర్చీ నగర్.

ఆ పేరులోని మిర్చి ఘాటుకు సంకేతం మాత్రమే. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మిరప అంటే కోతకూలీల చేతుల మంట, కల్లాల్లో ఎండే కాయలు, యార్డుకు చేరే టిక్కీలు, ధర తెగ్గోసే తాలుకాయలు. ఈ శ్రమ లేని మిర్చీ నగర్ ఎక్కడిదైనా కావచ్చు.

నేరభావన విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. ధారావాహికలో కాల్ వంటి రాక్షసాకార ప్రతినాయకుడు చూడగానే గుర్తుపట్టబడతాడు, సింహబలంతో ఓడిపోతాడు. ఈ నేలపై రైతును ముంచే నకిలీ విత్తనానికి అటువంటి ఆకారం లేదు. అది మొలకెత్తుతుంది, ఏపుగా ఎదుగుతుంది. కాపు దగ్గర గాని మోసం బయటపడదు. 1966 నాటి విత్తనాల చట్టం మొదటి నేరానికి నిర్ణయించిన జరిమానా 500 రూపాయలకు మించదు.

బాలల హాస్యంపై ఇంత భారం తగునా అనే ప్రశ్న సహజమే. అయితే తెలుగు పగటివేషాలు ఊరి మనుషులనే అనుకరించి నవ్వించాయి. ఎదుట ఉన్నవారిని గుర్తించడమే ఆ నవ్వుకు మూలం. 'లిటిల్ సింగం' అనువాదం సంభాషణలను తెలుగు చేసింది గాని నేరాన్ని ఈ ఊరికి తేలేదు. మిరపచేల మధ్య పెరిగే బాలుడికి నేరస్థుడు ఎప్పుడూ కొమ్ములున్నవాడిగానే మిగిలిపోతున్నాడు.