ఆ చెంగుకి కుచ్చులుండేవి

ఏమస్ ఓజ్ నవల 'జూడస్'లో ష్ముయేల్ ఆష్ అనే కుర్రాడు ఉంటాడు. 1959 చలికాలం, జెరూసలేం. ప్రేమించిన అమ్మాయి ఇంకొకర్ని పెళ్ళి చేసుకుంది. తండ్రి వ్యాపారం దివాలా తీసింది. యూనివర్సిటీలో రాస్తున్న థీసిస్ మధ్యలో ఆగిపోయింది. ఒక పాత ఇంట్లో గెర్షోమ్ వాల్డ్ అనే అవిటి ముసలాయనకి సాయంత్రాలు కబుర్లు చెప్పి తోడుగా కూర్చునే ఉద్యోగంలో చేరతాడు. ఆగిపోయిన ఆ థీసిస్ విషయం: యూదుల దృష్టిలో యేసు.

నవలంతా వాళ్ళిద్దరి మాటలే అనిపిస్తుంది. ఆ మాటల్లో ష్ముయేల్ తిరిగి తిరిగి వచ్చే చోటు ఒకటుంది. యేసు క్రైస్తవుడు కాడు. యూదుడిగా పుట్టాడు, యూదుడిగానే చనిపోయాడు, కొత్త మతం పెట్టాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. మొదటి క్రైస్తవుడు ఎవరయ్యా అంటే, ఆయన్ని అప్పగించిన యూదా ఇస్కరియోతే! యేసుకి తన మీద లేనంత నమ్మకం యూదాకి యేసు మీద ఉంది. సిలువ మీద నుంచి దిగి వస్తాడని నమ్మే ఆయన్ని అక్కడిదాకా తీసుకెళ్ళాడు. దిగి రాకపోయేసరికి ఉరేసుకున్నాడు.

రెండో సగం ఓజ్ కల్పన. మొదటి సగం మాత్రం చరిత్రకారుల్లో పెద్దగా తగాదా లేని మాట. 'క్రైస్తవులు' అనే పదం కొత్త నిబంధన మొత్తంలో మూడుసార్లే వస్తుంది. నాలుగు సువార్తల్లో ఒక్కసారి కూడా లేదు. ఆ పేరు మొదట అంతియొకయలో పుట్టిందని అపొస్తలుల కార్యాలే చెప్తాయి. అప్పటికి యేసు లేడు. ఎనిమిదో రోజు సున్నతి, పస్కా పండక్కి జెరూసలేం ప్రయాణం, విశ్రాంతిదినాన సమాజమందిరంలో యెషయా గ్రంథం చదవడం... లూకా రాసిన జీవితం ఒక యూదు పిల్లవాడిది, ఒక యూదు మగవాడిది.

ఇంత తేలిక ప్రశ్నకి వ్యాసం ఎందుకంటారా? జవాబు తెలిసినా అది మన బుర్రలో నిలవదు కాబట్టి. "యేసు ఏ మతం?" అని చదువుకున్న మిత్రుల్ని అడిగి చూడండి. నమ్మకం ఉన్నవాళ్ళు కొంచెం ఆగి, "యూదుడే, కానీ..." అంటారు. నమ్మకం లేనివాళ్ళు "ఆయన మతాలకి అతీతుడండీ" అంటారు. నాకు ఈ రెండోదే ఎక్కువ అనుమానం. వినడానికి గొప్ప పొగడ్తలా ఉంటుంది గానీ, ఒక మనిషిని పొగుడుతూ ఆయన ఒంటి మీద బట్టలు ఊడదీయడం అది.

బట్టలు అన్నది ఊరికే వాడిన మాట కాదు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ వెనకనుంచి వచ్చి యేసు 'వస్త్రపు చెంగు' ముట్టుకుందని తెలుగు మత్తయిలో చదువుతాం. చెంగు అనగానే మనకి కనిపించేది చీర కొంగో, కండువా కొసో. కానీ మత్తయి వాడిన గ్రీకు మాట క్రాస్పెడాన్. సంఖ్యాకాండంలో ఇశ్రాయేలు మగవాళ్ళు బట్టల అంచులకి నీలిదారంతో కుచ్చులు కట్టుకోవాలని ఒక ఆజ్ఞ ఉంది. హీబ్రూలో వాటిని త్సిత్సిత్ అంటారు. పాత గ్రీకు అనువాదం ఆ కుచ్చులకి వాడిన మాట ఈ క్రాస్పెడాన్. అంటే ఆ స్త్రీ వేళ్ళకి తగిలింది యేసు మతమే. ధర్మశాస్త్రం పాటించే యూదుడి గుర్తు. తెలుగులో మాత్రం సంఖ్యాకాండంలో 'కుచ్చులు' అయినవి మత్తయికి వచ్చేసరికి 'చెంగు' అయిపోయాయి. రెండుచోట్లా ఉన్నది ఒకటే వస్తువని మన పాఠకుడికి తెలిసే దారి లేదు. అనువాదకుల్ని తప్పు పట్టడం లేదు, చెంగు చక్కటి తెలుగు. ఆ చక్కదనంలోనే యూదుడు మాయమయ్యాడు.

ఇదే మత్తయిలో ఇంకోచోట పరిసయ్యుల్ని తిడుతూ యేసు వాళ్ళ చెంగుల మాట ఎత్తుతాడు. అక్కడ కూడా గ్రీకులో అదే మాట. ఆయన వద్దన్నది గొప్ప కోసం పెద్దవి చేసుకోవడాన్ని. కట్టుకోవడాన్ని కాదు, ఆయన కూడా కట్టుకున్నాడు.

తెలుగులో దీనికి ఇంకో చిక్కు తోడైంది. మన బైబిల్‌లో యేసుతో వాదించేవాళ్ళని 'శాస్త్రులు' అంటారు. ఆ మాట తెలుగు చెవిలో ఏం చేస్తుందో విడమరిచి చెప్పాలా? పిలక, జందెం, మడి కళ్ళ ముందుకొస్తాయి. యేసు వాళ్ళ మీద తిరగబడ్డ సంస్కర్త అవుతాడు. ఊరి బయట నిలబెట్టబడ్డవాళ్ళకి ఆ యేసు ఇచ్చిన బలం చిన్నది కాదు. దాన్ని తీసెయ్యమనే హక్కు నాకు లేదు, ఉద్దేశమూ లేదు. కానీ ఆ చదువుకి ఒక ఖర్చుంది, అది మనం కట్టడం లేదు. ఎప్పుడూ చూడని యూదుల్ని మనకి బాగా తెలిసిన పీడకుల స్థానంలో కూర్చోబెట్టేశాం.

మార్కు సువార్తలో ఒక శాస్త్రి వచ్చి ఆజ్ఞలన్నిటిలో పెద్దదేదని అడుగుతాడు. యేసు జవాబుగా చెప్పింది షెమా, యూదులు ఈనాటికీ పొద్దునా సాయంత్రం పలికే మాటలు. దాని పక్కన లేవీయకాండంలోంచి పొరుగువాణ్ని ప్రేమించమన్న ఆజ్ఞ పెట్టాడు. రెండూ తోరా మాటలే. బాగా చెప్పావని శాస్త్రి మెచ్చుకున్నాడు, శాస్త్రిని యేసు మెచ్చుకున్నాడు. చనిపోయినవాళ్ళు తిరిగి లేస్తారా అన్న వాదన వచ్చినప్పుడు సద్దూకయ్యులకి ఎదురుగా, పరిసయ్యుల పక్కన నిలబడ్డాడు. హేరోదు చంపాలని చూస్తున్నాడు, వెళ్ళిపొమ్మని ఆయన్ని హెచ్చరించింది కూడా, లూకా ప్రకారం, పరిసయ్యులే. విశ్రాంతిదినం మనిషి కోసమే గానీ మనిషి దానికోసం కాదన్న ఆయన వాదనకి దగ్గరగా ఉండే మాట రబ్బీల వ్యాఖ్యానాల్లోనూ దొరుకుతుంది. ఇది ఇంటివాడు ఇంట్లోవాళ్ళతో పడ్డ గొడవ. గొడవ గట్టిగానే జరిగింది, కాదనను. బయటివాళ్ళతో మనం అంత గట్టిగా పోట్లాడం కదా.

ఆ ఇంట్లోంచి ఆయన్ని లాగేస్తే ఏమవుతుందో ఇరవయ్యో శతాబ్దం చూసింది. 1939లో జర్మనీలోని ఐసెనాక్ పట్టణంలో ప్రొటెస్టెంట్ వేదాంతులు ఒక సంస్థ తెరిచారు. జర్మన్ చర్చి జీవితం మీద యూదుల ప్రభావాన్ని పరిశోధించి నిర్మూలించడం దాని పని. పేరులోనే అంతా ఉంది. వాల్టర్ గ్రుండ్‌మన్ అనే కొత్త నిబంధన ప్రొఫెసర్ దానికి విద్యా దర్శకుడు. యేసు గలిలయవాడు కాబట్టి యూదుడు కాడని పుస్తకం రాశాడు. యూదు ఆనవాళ్ళు చెరిపేసిన కొత్త నిబంధన ఒకటి 1940లో ఆ సంస్థ అచ్చేసింది. సుసానా హెషెల్ 2008లో రాసిన 'ది ఆర్యన్ జీసస్'లో ఈ కథంతా ఉంది. చదువుతుంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది నాజీల కేకలు కాదు, ఫుట్‌నోట్లతో సహా రాసిన పండితుల మర్యాదైన గద్యం. యుద్ధం అయ్యాక కూడా గ్రుండ్‌మన్ తూర్పు జర్మనీలో సువార్తలకి వ్యాఖ్యానాలు రాస్తూనే ఉన్నాడు.

దీనికి ఎదురుగా గేజా వెర్మెష్‌ని పెట్టి చదవాలి. 1924లో హంగరీలో యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం కాథలిక్కులుగా మారింది. అయినా తల్లిదండ్రులు హోలోకాస్ట్‌లో పోయారు. బాప్తిస్మం వాళ్ళని కాపాడలేదు. ఆయన కాథలిక్ ప్రీస్ట్ అయ్యాడు, మృతసముద్రపు చుట్టల మీద పనిచేశాడు, తర్వాత చర్చి వదిలి యూదుతనానికి తిరిగొచ్చాడు. 1973లో 'జీసస్ ద జ్యూ' రాశాడు. మూడు మాటల ఆ పేరు అప్పట్లో కొందరికి చెంపదెబ్బలా తగిలి ఉంటుంది. ఆ కాలపు గలిలయలో వాన కురిపించే భక్తులు, రోగాలు నయం చేసే భక్తులు ఉండేవాళ్ళని, యేసు ఆ కోవలో మనిషని ఆయన వాదన. వలయం గీసి అందులో నిలబడి వాన కోసం దేవుడితో పంతం పట్టిన హోనీ, ప్రార్థనతో జబ్బులు నయం చేసిన హనీనా బెన్ దోసా ఆయన చూపించే పోలికలు. ఇ.పి. శాండర్స్ దృష్టిలో యేసు రాబోయే దేవుని రాజ్యాన్ని చాటిన ప్రవక్త. రెజా అస్లాన్ 2013లో రాసిన 'జెలట్' రోమ్ మీద తిరగబడ్డ విప్లవకారుణ్ని చూపిస్తుంది. అస్లాన్ వేగంగా చదివిస్తాడు, అంతే వేగంగా చేతికి దొరికిన ఆధారాన్ని పెద్దది చేస్తాడు. నా ఓటు శాండర్స్‌కి ఎక్కువ, వెర్మెష్‌కి కొంచెం తక్కువ. అయితే వెర్మెష్ పేజీల్లోనే ఆ యేసుకి ఊరూ వీధీ ఉన్నాయి.

మళ్ళీ బట్టల దగ్గరికి రావాలి. మార్క్ షగాల్ 1938లో వేసిన 'వైట్ క్రూసిఫిక్షన్' షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఇంటర్నెట్‌లో పెద్ద సైజులో దొరుకుతుంది, ఒకసారి చూడండి. సిలువ మీది యేసు నడుముకి చుట్టింది తాలిత్, యూదుల చారల ప్రార్థనా శాలువా. కాళ్ళ దగ్గర మెనోరా దీపాలు. చుట్టూ తగలబడుతున్న సమాజమందిరం, పడవలో పారిపోతున్న జనం, తోరా చుట్టని గుండెకి హత్తుకుని పరిగెడుతున్న మనిషి. ముందు వేసినప్పుడు ఒక ముసలాయన మెడలోని అట్ట మీద 'నేను యూదుణ్ని' అని జర్మన్‌లో ఉండేది. తర్వాత షగాలే దానిమీద రంగు పూశాడు. మత్తయి నాటి కుచ్చులకి వారసులైన కుచ్చులు ఇప్పుడు కట్టేది తాలిత్ అంచులకే. వెర్మెష్ వందల పేజీల్లో వాదించినదాన్ని షగాల్ ఒక గుడ్డముక్కతో చూపించాడు.

ఓజ్ నవలతో నా పేచీ ఇక్కడే. నవలగా నాకు చాలా ఇష్టం. వాల్డ్ కొడుకు 1948 యుద్ధంలో చనిపోయాడు. ఆ కొడుకు భార్య అతాలియా. ఆమె తండ్రి అబ్రవనేల్, యూదు రాజ్యం వద్దని అరబ్బులతో కలిసి బతుకుదామని అన్నందుకు ద్రోహి అనిపించుకుని పోయాడు. ద్రోహి అనే మాటని ఇంత ఓపికగా, ఇన్ని వైపుల నుంచి తిప్పి చూసిన నవల నేను వేరే చదవలేదు. ఓజ్ తాత వరస బంధువు జోసెఫ్ క్లౌస్నర్ 1922లోనే హీబ్రూలో యేసు చరిత్ర రాసి ఇరుపక్షాల చేతా తిట్లు తిన్నవాడు. కాబట్టి ఈ విషయం ఓజ్‌కి ఇంటి విషయం. ఇన్ని ఉన్నా ష్ముయేల్ ప్రేమించే యేసు మరీ సులువైన మనిషి. ప్రేమ, క్షమ, దయ. ష్ముయేల్ సోషలిస్టు, దేవుణ్ని నమ్మనివాడు, అతని యేసు కూడా దాదాపు అంతే. యూదుడు అని పదిసార్లు అంటాడు గానీ ఆ యూదుడి బట్టకి కుచ్చులు కనపడవు. కనాను స్త్రీ కూతురి కోసం బతిమాలితే, తాను ఇశ్రాయేలులో తప్పిపోయిన గొర్రెల కోసమే వచ్చానన్న మనిషిని ఈ ప్రేమమూర్తి పక్కన ఎక్కడ కూర్చోబెడతాం? చివరికి ఆమె వాదనకి ఆయన ఒప్పుకున్నాడు, నిజమే. ముందు కాదన్నాడు కూడా. 'మతాలకి అతీతుడు' అనేవాళ్ళు ఈ పేజీ త్వరగా తిప్పేస్తారు. ఓజ్ కూడా అక్కడ ఆగినట్టు నాకనిపించలేదు.

ఓజ్ ఆగిన చోటు వేరు. యూదా అన్న పేరు, యూదుడు అన్న మాట యూరప్ భాషల్లో దాదాపు ఒకేలా వినిపించడం, ఆ పోలికలోంచి వందల ఏళ్ళ ద్వేషం పెరగడం. తెలుగులోనూ అంతే కదా: అప్పగించినవాడు యూదా, గోత్రం యూదా, దేశం యూదయ, జనం యూదులు. యేసు పేరుకి మాత్రం ఆ బంధుత్వం నిలవలేదు. హీబ్రూలో మోషే తర్వాత వచ్చిన నాయకుడిదీ ఆయనదీ ఒకటే పేరు, మన బైబిల్‌లో ఒకరు యెహోషువ, ఇంకొకరు యేసు. గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర' రాసినప్పుడు తన పేరున్నవాడి కథే రాశారని మనలో ఎంతమందికి తడుతుంది?

నవల హీబ్రూ పేరుకి అర్థం 'యూదా ప్రకారం సువార్త'. ఇంగ్లిష్‌లో ఒట్టి 'జూడస్' అయింది, గోత్రం పేరు పోయి ద్రోహి పేరు మిగిలింది. తెలుగు చేసేవాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. 'యూదా సువార్త' అని పెడితే చాలు, రెండు అర్థాలూ ఉంటాయి.