పట్టాల పక్కన మనుషులు

తోటలో నడిపే పెద్ద సైజు మోడల్ రైలుకి ఎంత ఖరీదైన ఇంజను కొన్నా, ప్లాట్‌ఫాం మీది స్టేషన్ మాస్టర్ బోగీ తలుపు కన్నా ఎత్తుగా ఉన్నాడంటే అంతా ఆటవస్తువుగానే మిగులుతుంది. చూసేవాళ్ల కన్ను ముందు మనిషి మీద పడుతుంది. ఆ మనిషిని బట్టే స్టేషన్నీ, సిగ్నల్నీ, రైలునీ కొలుచుకుంటుంది. అందుకే ఇంజను ఎంపిక కన్నా బొమ్మల ఎంపికే పెద్ద పనని నా నమ్మకం.

చిక్కంతా పట్టాల దగ్గరే మొదలవుతుంది. 1968లో జర్మనీలోని నూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శనకి లేమన్ కంపెనీ ‘ఎల్‌జీబీ’ రైళ్లని తెచ్చింది. పట్టాల మధ్య వెడల్పు 45 మిల్లీమీటర్లు, స్కేలు 1:22.5. అసలు లెక్కలో అది మీటర్ గేజ్. ఎండకీ వానకీ తట్టుకునే ఆ రైళ్లు పెరళ్లలోకి వచ్చేశాయి. అదే వెడల్పు పట్టాల మీద 1:32 స్కేలు రైలు నడిపితే యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజ్ అవుతుంది. 1:20.3 అయితే అమెరికా కొండల్లో నడిచిన మూడడుగుల నారో గేజ్. కొన్ని అమెరికన్ కంపెనీలు 1:29 పట్టుకున్నాయి. అట్టపెట్టె మీద మాత్రం చాలాసార్లు ‘జి’ అనే ఒక్క అక్షరమే ఉంటుంది. 170 సెంటీమీటర్ల మనిషి 1:32లో 5.3 సెంటీమీటర్లుంటాడు, 1:22.5లో 7.6, 1:20.3లో 8.4. ఈ ముగ్గురినీ ఒకే బల్ల పక్కన నిలబెడితే ఎవరూ నమ్మరు.

కొనేముందు చేయాల్సిన పని చాలా తేలిక. మీ రైలు స్కేలుకి సరిపడే ఎత్తులో ఒక అట్టముక్కని మనిషి ఆకారంలో కత్తిరించి బోగీ తలుపు దగ్గర నిలబెట్టండి. తల గుమ్మం పైకమ్మికి తగలకుండా లోపలికి వెళ్లగలిగితే ఆ కొలతే మీది. ఇక బజారులో స్కేలు పట్టిక కన్నా ఆ అట్టముక్కే ఎక్కువ పనికొస్తుంది. ఎత్తులో కొద్దిపాటి తేడాలకి కంగారు అక్కర్లేదు, మనుషుల్లో పొట్టీ పొడుగూ ఉండనే ఉన్నారు. తల, అరచేతులు మాత్రం జాగ్రత్తగా చూడాలి. స్కేలు తప్పిన బొమ్మ అక్కడే దొరికిపోతుంది. ప్లేమొబిల్ బొమ్మ 7.5 సెంటీమీటర్లుండి ఎత్తుకి సరిపోయినా, పెద్ద తల వల్ల ఈ లోకంలో ఇమడదు.

మంచి బొమ్మలకి పెట్టింది పేరు జర్మనీకే చెందిన ప్రైజర్. 1949 నుంచీ ఆ సంస్థది ఇదే పని. ధర ఎక్కువే, కానీ బట్టల మడతల్లో, నిలబడే తీరులో ఆ ధర కనిపిస్తుంది. తక్కువలో కావాలంటే 1:24 మోడల్ కార్ల కోసం చేసే మెకానిక్కులు, డ్రైవర్లు ఉన్నారు. భవనాల నమూనాల కోసం 1:25లో సంచుల లెక్కన అమ్మే మనుషులూ ఉన్నారు. 1:32 వాళ్లకి 54 మిల్లీమీటర్ల సైనికుల బొమ్మలు ఉండనే ఉన్నాయి, తుపాకీ తీసేసి చేతిలో లాంతరు పెడితే చాలు. త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లకి 1:24 ఫైలుని దాదాపు 107 శాతానికి పెంచితే 1:22.5 మనిషి తయారు.

భంగిమ విషయంలో నాదొక పట్టుదల. పరిగెత్తే మనిషిని కొనకండి. రైలు వచ్చి వెళ్లిపోతుంది, అతను మాత్రం గాలిలో కాలు ఎత్తే ఉంటాడు. కూర్చున్నవాళ్లూ, స్తంభానికి ఆనుకున్నవాళ్లూ, సామాను మీద చెయ్యేసి ఎదురుచూసేవాళ్లూ ఎంతసేపు చూసినా సహజంగా ఉంటారు.

మనవాళ్లకి ఇందులో ఒక ఆశ ఉంది. ఒకప్పుడు గుంటూరు-గుంతకల్లు దారిలో నడిచింది మీటర్ గేజే కాబట్టి, 1:22.5లో ఆ స్టేషన్లని కట్టుకోవచ్చు. చీరకట్టు మనిషీ, ఎర్రచొక్కా కూలీ మాత్రం జర్మన్ పెట్టెల్లో దొరకరు, చేసుకోవాలి. గౌను వేసుకున్న బొమ్మని తీసుకుని, టోపీ గీకేసి, పల్చటి టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి నడుం చుట్టూ తిప్పాలి. తడిగా ఉండగానే టూత్‌పిక్‌తో కుచ్చిళ్లు నొక్కి, పైటని భుజం మీదుగా వెనక్కి వదలాలి. ఆరాక గట్టిపడుతుంది, అప్పుడు రంగు. కూలీ తలపాగాకీ, కొత్త చేతులకీ ఎపాక్సీ పుట్టీ. కొండపల్లిలో తెల్లపొణికి బొమ్మకి చేతులు అతికే చింతగింజల మక్కు ఏం చేస్తుందో, ఇక్కడ ఈ పుట్టీ అదే చేస్తుంది. భుజానికి కట్టిన ఇత్తడి బిళ్ల మాత్రం మరచిపోవద్దు, కూలీని కూలీగా గుర్తుపట్టించేది అదే.

బయట ఉండే బొమ్మకి ప్లాస్టిక్ మెరుపు పోయేలా ముందు ప్రైమర్, పైన రంగు, ఆఖర్న ఎండ తాకిడిని ఆపే మ్యాట్ వార్నిష్ వేయాలి. కాళ్ల కింది పళ్లెం లాంటి దిమ్మెని కోసేసి, అరికాల్లో సన్నటి రంధ్రం పెట్టి స్టీలు తీగ గుచ్చితే ప్లాట్‌ఫాం మీద గాలికి పడకుండా నిలబడుతుంది. పెద్ద వానలప్పుడు పీకి ఇంట్లో పెట్టుకోవడం కూడా తేలికే.