నేలను పేదగా మార్చే విద్య

తెలుగునాట జామాయిల్ తోట అనగానే వరుసలు కట్టిన చెట్లూ, వాటి కింద ఎండుటాకులు తప్ప పెద్దగా ఏమీ మొలవని నేలా గుర్తుకు వస్తాయి. ఆ చెట్టు ప్రజాతికి పుట్టినిల్లయిన ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగంలో మాత్రం వైట్ బాక్స్, యెల్లో బాక్స్ వంటి దాని బంధువులు ఎడమెడంగా నిలిచి, కింద గడ్డీ పూలమొక్కలూ పొదలూ పెరగడానికి చాలినంత వెలుతురు విడిచిపెడతాయి. కొమ్మలు ఒకదానితో ఒకటి అల్లుకోని ఈ పలచని అడవిని పచ్చిక వనం అనవచ్చు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2006లో దీనిని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవసముదాయాల జాబితాలో చేర్చింది. ఒకప్పటి విస్తీర్ణంలో మంచి స్థితిలో మిగిలినది 5 శాతం కంటె తక్కువ.

చెట్లు నరకడం, గొర్రెలను ఎడతెగకుండా మేపడం ఈ క్షీణతకు కారణాలే గాని, మిగిలిన చెట్ల కింద సైతం స్థానిక మొక్కలు తిరిగి రాకుండా అడ్డుపడుతున్నది నేలకు చేరిన అదనపు బలం. ఇరవయ్యో శతాబ్దంలో మేత పెంచడానికి రైతులు సూపర్ ఫాస్ఫేట్ వేసి, క్లోవర్ అనే మేత మొక్క విత్తనాలు చల్లారు. జీలుగ, జనుముల వలె వేళ్ల బుడిపెలలో నత్రజనిని నిలిపే ఆ మొక్క వల్ల నేలలో నైట్రేట్ పేరుకుపోయింది. పేద నేలకు అలవాటుపడి మెల్లగా పెరిగే స్థానిక మొక్కలను, ఆ నైట్రేట్‌తో ఏపుగా లేచే అడవి ఓట్స్ వంటి ఏకవార్షికాలు, అంటే ఏడాదిలోపే మొలిచి విత్తనం రాల్చి చచ్చే కలుపు మొక్కలు, కమ్మివేస్తాయి. నేలకు బలం చేకూర్చడమే సేద్యమని నేర్చిన రైతు విద్యకు ఈ పునరుద్ధరణ విద్య ఎదురు దిశలో నడవడానికి కారణం ఇదే.

ఇందులో మొదటి పాఠం కలుపుతీత. 1960ల్లో సిడ్నీలో ఐలీన్, జోన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు రూపొందించిన పద్ధతి ప్రకారం, అడవి బాగున్న చోట పని మొదలుపెట్టి పాడైన చోటు వైపు సాగాలి. మట్టిని వీలైనంత తక్కువ కదపాలి. స్థానిక మొక్కలు ఖాళీని నింపుకోగల వేగాన్ని మించి కలుపు తీయరాదు. మోకాళ్ల మీద కూర్చుని, ఆకుచెత్తను పక్కకు నెట్టి, చిన్న కత్తితో కలుపు వేరు కోసి, ఆ ఆకుచెత్తనే తిరిగి కప్పడం దీని తీరు; బయటపడిన మట్టిలో ముందుగా మొలిచేది కలుపు విత్తనమే.

నేలలో నైట్రేట్ నిండుగా ఉంటే తీసిన కలుపు మళ్లీ లేస్తుంది గనుక, సుజాన్ ప్రోబర్ తదితర శాస్త్రవేత్తలు పంచదారను ప్రయోగించారు. చదరపు మీటరుకు సుమారు అర కిలో చొప్పున మూడు నెలలకొకసారి చల్లితే, దానిని తిని వృద్ధి చెందే సూక్ష్మజీవులు నేలలోని నైట్రేట్‌ను తమలోకి లాక్కుంటాయి, కలుపు నీరసిస్తుంది. అయితే ఈ లెక్కన హెక్టారుకు ఒక్కో విడతకు 5 టన్నులు కావాలి కాబట్టి ఇది చిన్న మడులకే సాధ్యం. పెద్ద విస్తీర్ణాలలో ఎరువూ కలుపు విత్తనాలూ నిండిన పైమట్టిని పలుచగా చెక్కి తొలగించి, మిగిలిన పేద మట్టిలో స్థానిక విత్తనాలు చల్లుతారు.

విత్తడంలో ప్రధానమైనది కంగారూ గడ్డి. దాని విత్తనానికుండే పొడవాటి ముల్లు తడికి మెలికలు విప్పుకుని, ఆరితే మళ్లీ చుట్టుకుంటూ, గింజను మర మేకులా నేలలోకి దించుతుంది. అందువల్ల గింజ పండిన గడ్డిని కోసి నేలమీద పరచడమే ఒక విత్తే పద్ధతి. గింజలు నేలలోకి దిగిన తరువాత ఆ ఎండుగడ్డిని వసంతంలో కాల్చివేస్తే మొలకలకు వెలుతురు దక్కుతుంది. ఆదివాసులు తరతరాలుగా చిన్న చిన్న మంటలతో సాగించిన పోషణ కూడా ఈ గడ్డికి అవసరమే. ఏళ్ల తరబడి కాలకుండా, మేయకుండా వదిలితే అది తన ఎండు దుబ్బు కిందే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. పొదలలో వాటిల్ అనే తుమ్మజాతి మొక్కల గింజలకు గట్టి పెంకు ఉంటుంది కాబట్టి, మరిగిన నీరు పోసి నానబెట్టిన తరువాతే నాటుతారు. పొదలు లేని చోట నాయిజీ మైనర్ అనే దుడుకు పిట్ట తక్కిన చిన్న పిట్టలను తరిమివేస్తుంది. ముళ్ల పొద ఒక్కటి ఎదిగినా వాటికి తలదాచుకునే చోటు దొరుకుతుంది.

ఒకసారి దుబ్బుకట్టిన కంగారూ గడ్డి నైట్రేట్‌ను తానే తక్కువ స్థాయిలో నిలుపుకుంటుందని, ఆపై పంచదారతో పని ఉండదని ఆ ప్రయోగాలు చూపాయి. ఈ గడ్డి భారతదేశపు పచ్చిక బయళ్లలోనూ పెరుగుతుంది. ఇక్కడ అటువంటి నేలలు అనేకం బీడుగా నమోదై, చెట్లు నాటడానికి కేటాయింపబడ్డాయి. నేల పేదతనమే సంపదగా బ్రతికే మొక్కలున్నాయని తెలిసినవారు, బీడు అన్న మాట రాసేముందు ఒకసారి వంగి గడ్డిని చూస్తారు.