పేదరాశి పెద్దమ్మకు ఏమి కావలెను?

రష్యా జానపద పరిశోధకుడగు వ్లదీమిర్ ప్రాప్ 1928లో ప్రకటించిన సిద్ధాంతమును కథలు వ్రాయువారందఱు ఒక్కసారియైన చదువవలెనని నా కోరిక. అఫనాస్యెవ్ కూర్చిన రష్యా జానపదకథల సంపుటములోని నూఱు అద్భుతకథలను పరిశీలించి, పేరును రూపమును విడిచి, చేయు పనిని బట్టియే పాత్రను గుర్తింపవలెననియు, అట్టి పనులు 31 అనియు, వానిని నిర్వహించు పాత్రలు 7 విధములే యనియు ఆయన నిర్ణయించెను. ఆ యేడింటిలో నా మనస్సు నిలుచునది దాత యొద్ద. అడవిదారిలో నాయకుని పరీక్షించి, మహిమగల వస్తువును చేతికిచ్చి పంపు పాత్ర యది. మన కథలలో ఆ పని పేదరాశి పెద్దమ్మది. దారితప్పిన రాజకుమారునకు ఇంత అన్నము పెట్టి, పండుకొన చోటిచ్చి, కోటలోని రహస్యమును చెవిని వేయును. తెల్లవారగనే కథ అతని వెంట పోవును. ఆమెకేమి కావలెనో అడిగినవారు లేరు.

ధనంజయుని దశరూపకమను సంస్కృత నాట్యలక్షణగ్రంథము దీనికి కారణము చెప్పుచున్నది. ఫలమునకు స్వామి యైనవాడే అధికారి. అతని వృత్తాంతమే ఆధికారికము, తక్కినది ప్రాసంగికము. ఆరంభమగు ముఖసంధి మొదలు ముగింపగు నిర్వహణసంధి వఱకు కథ యంతయు ఆ ఫలము కొఱకే నడచును. పెద్దమ్మకు ఫలము లేదు గనుక కథయు లేదు.

మా మల్యాల మండలము లంబాడిపల్లెలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' యూట్యూబు చిత్రములలో ఆ పెద్దమ్మయే కథకు నడుమ వచ్చి కూర్చున్నది. కూలికి పోయి, బీడీలు చుట్టి బ్రతికిన గంగవ్వ తన పేరుతోనే, తన యాసతోనే, కసరుచు నవ్వించుచు అందు నిలిచెను. ఊరూర కానవచ్చు ముసలమ్మయే గదా, మూసపాత్రయే గదా యనువారు కలరు. మూస యగుట దోషము కాదు. కెమెరా ఆమె గడప విడువకుండుటయే ఇందలి విశేషము. సొంత ఇల్లు కట్టుకొనవలెనన్న కోరికతో 2020లో ఆమె బిగ్ బాస్ నాలుగవ సీజనునకు వెళ్లి, ఆరోగ్యము సహకరింపక నడుమనే వెలువడినను, తెలుగునాట ప్రేక్షకులు ఆ కోరికను తమదిగ నెంచిరి. పిమ్మట స్వగ్రామమున ఆ ఇల్లు లేచెను. లాక్షణికుల మాటలోనే చెప్పవలెనన్న, ఫలస్వామ్యము చేతులు మాఱినది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఫోనులతో లఘుచిత్రములు తీయు తమ్ములారా, చెల్లెండ్రారా! మీ కథలో నాయకునకు చాయ యిచ్చి లోనికి పోవు తల్లిని, బీడీల చేట ముందర కూర్చుండి ఒక్క మాట యని ఊరకుండు అత్తను పిలిచి, ఏమి కావలెనో అడుగుడు. అది దొరకువఱకు కథను ఆమె వెంట నడపుడు.