నేర్పినందుకు కూలి

కదిరివాడనగుటచేత, పాకాల రైలుదారి కొసనున్న ధర్మవరము నాకు చిన్ననాటినుండి రాకపోకలు గల ఊరే. అయినను అచ్చటి పట్టుచీరల వ్యాపారమును అంగడి వైపునుండి గాక మగ్గము వైపునుండి చూడ నేర్చినది ఈమధ్యనే. ఏ మగ్గమునకు ఎంత పట్టు, ఎంత జరీ ఇచ్చినదియు, ఎవరిపై ఎంత అడ్వాన్సు నిలిచినదియు షావుకారు పుస్తకమున పైసలతో సహా ఉండును గాని, నిరుటి దసరాకు కుదిరిన ఆ చిలుకపచ్చ మరల ఎట్లు రావలెనో ఏ పుటలోను ఉండదు. అది రంగు వేయువాని కంటిలో ఉన్నది.

వ్రాతకెక్కిన విద్య లేకపోలేదు. గళ్లకాగితముపై గీసిన బుటాను జకార్డు అట్టలకు రంధ్రములుగా ఎక్కింతురు. రంధ్రమున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు. లేపాక్షి కప్పుమీది చిత్రములలోని అంచులు సయితము ఈ దారినే చీరలకు దిగును. అయితే, 1985నాటి చేనేత రిజర్వేషను చట్టము ఉండగనే, మరమగ్గములవారు సులువుగా అనుకరించునదియు ఈ నమూనాలనే గనుక, వ్రాసిపెట్టినది పరుల పాలగునను షావుకార్ల భయము అకారణము కాదు.

అట్టల కెక్కనిది వేరే ఉన్నది. సబ్బునీట ఉడికించి బంక తీయునపుడు పట్టు తన బరువులో ఇంచుమించు నాలుగవవంతు కోల్పోవును. ఎప్పుడు దింపవలెనో గడియారము చెప్పదు, వ్రేళ్ల నడుమ నలిపిన పోగు చెప్పును. చేతివిద్య ఎచ్చటనైనను ఇంతే: జపానులో మత్సుషిత కంపెనీవారు రొట్టెలు చేయు యంత్రమును నిర్మింపబోయి, పిండి పిసుకుట కుదరక, తమ ఉద్యోగిని నొకతెను ఒసాకాలోని హోటలు రొట్టెలమేస్త్రి చెంత శిష్యరికమునకు పంపిన వృత్తాంతము నిర్వహణశాస్త్ర పండితులు నొనాకా, తకెయూచి 1995లో వెలువరించిన గ్రంథమున కలదు. మన తాతలు అందుకే గుంటమగ్గము ప్రక్కన కుర్రవానిని కూర్చుండబెట్టిరి.

ఇప్పుడెవరు కూర్చుండబెట్టుదురు? కూలి చీర లెక్కన. శిష్యుని చేతికి నాడె ఇచ్చినచో చీర ఆలస్యమగును, తప్పు పడును, కోత నేతగానికే తగులును. నెలజీతపు కొలువులలో నేర్చుకొను దినములకును జీతము నడచుచుండగా, పెనుకొండ కియా కార్ల కర్మాగారము వైపు మన యువకుల చూపు మరలుటలో వింతయేమి? నేర్చినవాడు ఎదుటి అంగడికి పోయినచో నష్టమెవరిదని ఒక షావుకారు నన్నడిగెను. నేర్వనివాడు ఇదివరకే బెంగళూరు బండి ఎక్కినాడంటిని. ఆయనకు ఆ జవాబు రుచింపలేదు.

నమూనాల కొరకు కంప్యూటరు కొనుటకు వెనుదీయని ఆయనను నేను కోరినది అంతకంటె చౌకయైనది: రంగుల కాగు దింపినప్పుడెల్ల పాళ్లు వ్రాసి, ప్రక్కనే పోగుముక్క నతికించు పుస్తకమొకటి, శిష్యుడు కూర్చున్న మగ్గమున చీర ఎంత ఆలస్యమైనను గురువునకు పూర్తి కూలి, తప్పు పడినచో ఆ కోత అంగడి పద్దున.